రెండు ఖాళీ గళ్లు, తొమ్మిది వారాలు: దూరవిద్యలో ఫిర్యాదు చేసిన నా అనుభవం

2024 ఆగస్టు 20, మంగళవారం సాయంత్రం. మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని తౌడు బిల్లులు ట్యాలీలో ఎక్కిస్తున్నాను. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ‘రిజల్ట్స్ వచ్చాయి’ అని మెసేజ్ పడింది. బీకాం ఆఖరి సెమిస్టర్. వణికే చేతులతో ఎన్‌రోల్‌మెంట్ నంబరు కొట్టాను. పరీక్ష మార్కులు అన్ని పేపర్లలోనూ బాగానే వచ్చాయి. కానీ ఆడిటింగ్, కాస్ట్ అకౌంటింగ్ పేపర్ల దగ్గర అసైన్‌మెంట్ మార్కుల గడి ఖాళీగా ఉంది. దాని పక్కన ‘పూర్తి కాలేదు’ అని రాసి ఉంది.

మాకు ప్రతి పేపర్లో అసైన్‌మెంట్‌కు 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండూ విడివిడిగా పాస్ కావాలి. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా అసైన్‌మెంట్ గడి నిండకపోతే ఆ పేపరు పూర్తి కానట్టే లెక్క. పేపరు పూర్తికాకపోతే డిగ్రీ లేదు. ఆ రెండు అసైన్‌మెంట్లూ నేను ఏప్రిల్ 28న, ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు వెళ్లినప్పుడు స్టడీ సెంటర్లో స్వయంగా ఇచ్చి వచ్చాను. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండు దాకా కూర్చుని చేత్తో రాసినవి అవి.

ఇంటర్ అయ్యాక పెళ్లి, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్ల తర్వాత, 2021లో మళ్లీ పుస్తకం పట్టాను. మిల్లులో చిన్న గుమాస్తాగా చేరిన నాకు సీనియర్ అకౌంటెంట్ పని మొత్తం వచ్చు. జీఎస్టీ రిటర్నులు నేనే వేస్తాను. కానీ డిగ్రీ లేదు. ‘దసరాకల్లా మెమో తెచ్చుకో, ఆ పోస్టు నీదే’ అని ఓనరు మాట ఇచ్చారు. జీతంలో నెలకు నాలుగు వేలు తేడా. అందుకే ఆ రెండు ఖాళీ గళ్లు నాకు అంత భారమయ్యాయి.

మా విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. తప్పు జరిగింది అక్కడే, దాన్ని సరిచేసినవాళ్లు ఉన్నదీ అక్కడే. ఏ దూరవిద్య సంస్థలో చదివేవాళ్లకైనా ఇలాంటిది ఎదురుకావచ్చు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొదటి రెండు రోజులూ ఫోన్లే. స్టడీ సెంటర్ నంబరు మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. దానికి కారణం నాకు తర్వాత తెలిసింది. స్టడీ సెంటర్ అనేది ఒక మామూలు డిగ్రీ కాలేజీలో ఒక గది. కోఆర్డినేటర్ ఆ కాలేజీ లెక్చరరే, ఇది ఆయనకు అదనపు బాధ్యత. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో తప్ప ఆ గది తెరవరు. నేను ఫోన్ చేసింది పగలు పదకొండింటికి. రెగ్యులర్ కాలేజీ పిల్లలైతే వరండాలో నిలబడి సార్ వచ్చేదాకా చూస్తారు. మాకు వరండా లేదు. బస్సెక్కి గంట ప్రయాణం చేయాలి, ఆ పూట జీతం పోతుంది, తీరా వెళ్తే తాళం వేసి ఉండొచ్చు.

ఆగస్టు 25, ఆదివారం వెళ్లాను. గదిలో ఉన్న అటెండరు, ‘మేం అన్నీ పంపేశాం మేడమ్, రీజనల్ సెంటర్లో అడగండి’ అన్నాడు. మర్నాడు, స్టడీ సెంటర్లకు పై కార్యాలయమైన రీజనల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, ‘మాకు రాలేదండీ, మీ స్టడీ సెంటర్లోనే అడగండి’ అన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. నా కాగితాలు ఈ ఇద్దరి మధ్యే ఎక్కడో ఆగాయి, ఎక్కడో ఎవరూ చూడలేదు.

అదే రోజు ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఒక టికెట్ నంబరు వచ్చింది. నాలుగో రోజు మెసేజ్: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. సంబంధిత స్టడీ సెంటర్‌ను సంప్రదించగలరు.’ ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు. పరిష్కారం కాని ఫిర్యాదును పరిష్కారమైందని రాసి మూసేస్తే, ఇక మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏమీ జవాబు రాకపోవడం కన్నా అది ఎక్కువ బాధించింది.

ఆ కోపంలోనే పెద్ద మెయిల్ రాశాను. ఫోన్లో టైప్ చేస్తూ, తెలిసిన ఇంగ్లీషులో, రెండు పేజీలు. మొదటి ఏడాది పుస్తకాలు సెమిస్టర్ సగం అయ్యాక వచ్చిన సంగతి, రెండో ఏడాది మూడు క్లాసులు చెప్పకుండా రద్దు చేసిన సంగతి, ఫోన్ ఎత్తని సంగతి, చివర్లో ఎక్కడో ఈ అసైన్‌మెంట్ల సంగతి. వెబ్‌సైటులో కనిపించిన ఆరు అడ్రసులకూ పంపాను. ఒక్క జవాబు రాలేదు. ఆ మెయిల్ ఇప్పుడు చదివితే, అందులో ప్రతి మాటా నిజమే. కానీ చదివినవాళ్లు ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు.

ఆగస్టు ఆఖరి రోజు, సెప్టెంబరు మొదటి రోజు కురిసిన వానలు ఇక్కడ ఎవరూ మర్చిపోరు. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది, కోదాడ దగ్గర నీళ్లు, హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. మా మిల్లులో గోదాము బస్తాలు కాపాడుకోవడంతోనే సరిపోయింది. ఆ వారమంతా నా పని ముందుకు కదల్లేదు.

వినాయక చవితికి మా బాబాయి ఇంటికి వెళ్లాం. ఆయన తహసీల్దారు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. ఆయన డిగ్రీ కూడా దూరవిద్యలోనే. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ చదవని బాబాయి అర్హత పరీక్ష రాసి అందులో చేరారు, పొద్దున్నే రేడియోలో పాఠాలు విని చదివారు. నేను చేరింది వేరే సంస్థలో. కానీ మా ఇంట్లో ఉద్యోగం చేస్తూ చదవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయన ఒక్కరే.

నా మెయిల్ చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ‘ఇది బాధ చెప్పుకోవడం బిడ్డా. అర్జీ కాదు’ అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆయన నెమ్మదిగా అడిగారు: ‘ఈ కాగితం నా టేబుల్ మీదికొచ్చింది అనుకో. నేను ఏ రిజిస్టర్ తీయాలె? ఏ తేదీ చూడాలె? ఎవరికి రాయాలె?’ నా దగ్గర జవాబు లేదు. ‘అది నువ్వు చెప్పకపోతే నేను పక్కన పెడతా. పని చేసేటోడు చెడ్డోడు కాకపోయినా పక్కనే పెడతడు.’

ఆ సాయంత్రం ఉండ్రాళ్లు తింటూ ఆయన నాకు అర్జీ రాయడం నేర్పారు. ముప్ఫై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన మనిషి కాబట్టి ఆయన చెప్పినవన్నీ చాలా చిన్న విషయాలే, కానీ నాకు ఎవరూ చెప్పనివి. ఒక కాగితంలో ఒకే విషయం. పుస్తకాల ఆలస్యం గురించి వేరే కాగితం రాసుకో, దీంట్లో కలపకు. పైన ‘విషయం’ అని ఒక్క వాక్యం. దాని కింద ‘సూచిక’: నా పాత ఫిర్యాదు నంబరు, తేదీ. సూచిక రాస్తే ఇది కొత్త అర్జీ కాదని, పాతది ఇంకా బతికే ఉందని తెలుస్తుంది. తర్వాత జరిగింది తేదీల వారీగా. ఆ తర్వాత నాకేం కావాలో. ఆఖర్న ‘జతపరచినవి’. ఎంత కోపం ఉన్నా విశేషణాలు వద్దన్నారు. ‘నిర్లక్ష్యంగా’ అని రాస్తే వాళ్లు ఆ మాటకు జవాబు వెతుకుతారు, నీ మార్కుల కోసం కాదు.

‘నాకేం కావాలో’ అన్న దగ్గరే ఎక్కువసేపు ఆగాం. నేను ‘నా సమస్య పరిష్కరించగలరు’ అని రాస్తే ఆయన కొట్టేశారు. ఆయన రాయించింది ఇది: ‘28–04–2024న నేను సమర్పించిన రెండు అసైన్‌మెంట్ల మార్కులు ఏ తేదీన, ఏ నంబరు లేఖతో రీజనల్ సెంటర్‌కు పంపారో తెలియజేయగలరు. పంపి ఉండకపోతే వెంటనే పంపి, ఆ లేఖ ప్రతి నాకు ఇవ్వగలరు.’ ఇలా అడిగితే రిజిస్టర్ తీయకుండా జవాబు చెప్పలేరు. పంపామని అంటే తేదీ చూపించాలి. తేదీ లేకపోతే పంపలేదనే అర్థం.

జతపరచడానికి నా దగ్గర ఏముంది? ఆ రోజు అసైన్‌మెంట్లు ఇచ్చినప్పుడు అటెండరు చిన్న చీటీ మీద ముద్ర వేసి ఇచ్చాడు. నిజానికి ముందు ఇవ్వలేదు. నా పక్కనున్న ఆమె అడిగితే ఆమెకు ఇచ్చాడు, చూసి నేనూ అడిగాను. ఆ చీటీ ఆడిటింగ్ పుస్తకంలోనే దొరికింది. ముద్ర సగం చెరిగింది, తేదీ మాత్రం కనిపిస్తోంది. దాంతో పాటు, ఇచ్చే ముందే అసైన్‌మెంట్ మొదటి పేజీలను ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఆ చీటీ లేకపోతే ఈ కథ వేరేలా ఉండేది. అలా వేరేలా జరిగినవాళ్లు ముగ్గురున్నారు, వాళ్ల సంగతి తర్వాత చెప్తాను.

సెప్టెంబరు 15, ఆదివారం రెండు ప్రతులు పట్టుకుని స్టడీ సెంటర్‌కు వెళ్లాను. బాబాయి గట్టిగా చెప్పి పంపారు, నా ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు వేసే నంబరు), ముద్ర వేయించుకోకుండా రావద్దని. అటెండరు ‘సార్‌కు ఇస్తాలెండి, వెళ్లిరండి’ అన్నాడు. నేను కూర్చున్నాను. గంటన్నర తర్వాత కోఆర్డినేటర్ సార్ క్లాసు ముగించుకుని వచ్చారు. కాగితం చదివారు. ఆ ప్రశ్న దగ్గర ఆగారు. రిజిస్టర్ తెప్పించారు.

రిజిస్టర్లో నా పేరుంది, రెండు పేపర్లకూ మార్కులున్నాయి. 24, 22. కానీ ఆ రెండు పేపర్లు దిద్దిన కౌన్సిలర్ (మాకు పాఠాలు చెప్పే) మేడమ్ మే నెలలో వేరే ఊరికి బదిలీ అయ్యారు. అవార్డు లిస్టు, అంటే మార్కుల జాబితా మీద ఆమె సంతకం మిగిలిపోయింది. సంతకం లేని లిస్టు పంపకూడదు కాబట్టి పక్కన పెట్టారు. తర్వాత పరీక్షల హడావుడి. ఆ లిస్టు బీరువాలో అట్లాగే ఉండిపోయింది. అందులో నేనొక్కదాన్నే కాదు, పదిహేడు మంది పేర్లున్నాయి.

సార్ ముఖం చిన్నబోయింది. ‘అమ్మా, ఇది మా తప్పే’ అన్నారు. నాలుగు వారాలుగా నేను వినాలనుకున్న మాట అదే. నా కాగితం మీద నంబరు వేయించి ఇచ్చారు. ఆ మేడమ్‌తో ఫోన్లో మాట్లాడి, వారంలో సంతకం తెప్పించి, లిస్టు పంపి, ఆ లేఖ ప్రతి నాకు వాట్సాప్‌లో పంపారు. ఆయన మీద నాకు ఇప్పుడు గౌరవమే ఉంది. తప్పు తెలిశాక దాచిపెట్టకుండా రిజిస్టర్ నా ముందు తిప్పిన మనిషి ఆయన.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మార్కులు ఎక్కించే గడువు దాటిపోయిందని, మళ్లీ తెరవాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలని రీజనల్ సెంటర్ వాళ్లు చెప్పారు. లేదంటే డిసెంబరు పరీక్షల ఫలితాలతో కలిపి వస్తాయట. అంటే వచ్చే ఫిబ్రవరో మార్చో. వాళ్ల ఆలస్యానికి మా పదిహేడు మందికీ ఆరు నెలలు పోవాలా?

ఈ మధ్యలో ఒక ముఖ్యమైన సంగతి. ఫలితాలు వచ్చిన వారానికే మా గ్రూపులోకి ఎవరో కొత్త నంబరు వచ్చింది. ‘పెండింగ్ అసైన్‌మెంట్ మార్కులు రెండు రోజుల్లో అప్‌డేట్ చేయిస్తాం, పేపరుకు రెండు వేలు’ అని. మాలో ఒకామె ఫోన్‌పేలో నాలుగు వేలు పంపింది. మార్కులూ రాలేదు, ఆ నంబరూ పలకలేదు. ఆమె భర్తకు తెలియకుండా దాచుకున్న డబ్బు అది. ఆమె అమాయకత్వం అనను. అధికారిక నంబరు ఎత్తనప్పుడు, ఎత్తిన నంబరును మనిషి నమ్ముతాడు. అందరినీ కూర్చోబెట్టి సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించాం. డబ్బు తిరిగి రాలేదు కానీ ఇంకెవరూ పంపలేదు.

మా వీధిలో అద్దెకుంటున్న ఒక వకీలు గారిని కలిశాం. వినియోగదారుల కోర్టుకు వెళ్దామా అని అడిగితే వద్దన్నారు. పరీక్ష పెట్టడం, దిద్దడం, ఫలితం ఇవ్వడం అనేది అమ్మే సేవ కిందికి రాదని బీహార్ పాఠశాల పరీక్షల బోర్డు కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. ఆయనే మాకు అసలు దారి చూపించారు. 2023 ఏప్రిల్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. ప్రతి విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ప్రొఫెసరు అధ్యక్షులుగా ఉంటారు, ఒక విద్యార్థి ప్రతినిధిని కూడా ప్రత్యేకంగా పిలుస్తారు. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన సిఫారసు ఇవ్వాలి. అది నచ్చకపోతే మనం 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే అప్పీళ్లు వినే అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, జిల్లా జడ్జో ఆ పదవిలో ఉంటారు. అక్కడ తేల్చడానికి 30 రోజులు. ఫలితాల ఆలస్యం, సర్టిఫికెట్లు ఆపడం, ఫీజు వాపసు ఇవ్వకపోవడం ఇవన్నీ ఫిర్యాదు చేయదగ్గవే. ఈ వివరాలు ప్రాస్పెక్టస్‌లో, వెబ్‌సైటులో ఉంచాలని కూడా అందులోనే ఉంది. మా వెబ్‌సైటులో ఉన్నాయి. మూడేళ్లుగా నేను హాల్ టికెట్ కోసం, ఫలితాల కోసం తప్ప ఆ సైటు తెరవలేదు, కాబట్టి నాకు తెలియలేదు. చేరిన రోజే ఎవరైనా ఐదు నిమిషాలు చెప్పి ఉంటే బాగుండేది. పరిచయ సమావేశంలో ఫీజులు కట్టే తేదీలు చెప్పారు, ఇది మాత్రం చెప్పలేదు.

సెప్టెంబరు 23న కమిటీకి రాశాను. ఈసారి పేజీన్నర. అడిగినవి రెండే: గడువు తెరిచి పదిహేడు మంది మార్కులు ఈ విడతలోనే ఎక్కించాలి, మా నుంచి ఏ ఆలస్య రుసుమూ తీసుకోకూడదు. ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న నా ప్రతి, స్టడీ సెంటర్ లేఖ ప్రతి, మూసేసిన టికెట్ స్క్రీన్‌షాట్ జతచేశాను. మెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాను, అందినట్టు కార్డు వెనక్కి వచ్చేలా. అప్పట్లో ఆ సదుపాయం విడిగా ఉండేది, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు.

అందరి తరఫునా ఒకే ఫిర్యాదు పెడదామని నేనన్నాను. పదిహేడు మందిలో తొమ్మిది మందే సంతకానికి ముందుకొచ్చారు. మిగతావాళ్లకు భయం. ‘కంప్లైంట్ చేస్తే మిగతా మార్కులు కూడా ఆపుతారేమో’ అని ఒకబ్బాయి అన్నాడు. ఆ భయం నాకు తెలుసు, నాకూ ఉంది. మన ఊళ్లలో ఫిర్యాదు అంటే పగ పెట్టుకోవడం అనుకుంటారు. ఆఫీసు మీద అర్జీ పెట్టిన మనిషిని ఆ ఆఫీసు గుర్తుపెట్టుకుంటుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అందుకే నా అర్జీలో కోఆర్డినేటర్ సార్ చేసిన సాయాన్ని కూడా తేదీతో సహా రాశాను. ఎవరినో శిక్షించమని కాదు, మార్కులు ఎక్కించమని అడుగుతున్నామని చదివేవాళ్లకు తెలియాలి.

అక్టోబరు 4న కమిటీ ముందు మాట్లాడమని పిలుపు వచ్చింది, వీడియోలో. బతుకమ్మ రోజులు. బయట లారీలు, లోపల మిల్లు చప్పుడు. వేబ్రిడ్జి పక్కన ఉన్న చిన్న గది తలుపులు మూసుకుని కూర్చున్నాను. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. ఇంగ్లీషులో అడిగితే ఎలా అన్నదే నా భయమంతా. మొదటి ప్రశ్న ఇంగ్లీషులోనే వచ్చింది. ‘సార్, తెలుగులో చెప్పొచ్చా?’ అన్నాను. అధ్యక్షులు ‘తప్పకుండా చెప్పమ్మా’ అన్నారు. ఆ ఒక్క మాటతో నా భుజాలు దిగాయి. ఏడు తేదీలు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని ఆరు నిమిషాలు మాట్లాడాను. ఒక మేడమ్ అడిగారు, ‘పోర్టల్లో మీ ఫిర్యాదు పరిష్కారమైందని ఉంది కదా?’ అని. ‘మేడమ్, మార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది’ అన్నాను. ఆమె వెంటనే తన స్క్రీన్ మీద చూసి, పక్కవాళ్లకు చూపించారు. విద్యార్థి ప్రతినిధిగా ఉన్న అమ్మాయి, ఇలా సంతకం లేక ఆగిన లిస్టులు ఇంకా ఏ సెంటర్లలో ఉన్నాయో చూడాలని అడిగింది. నాకు తట్టని మాట అది.

దసరా వచ్చింది, వెళ్లింది. ఓనరు ఇచ్చిన గడువు దాటింది. దాచకుండా వెళ్లి, ఫైలు మొత్తం ఆయన ముందు పెట్టాను. ఆయన ముద్రలున్న కాగితాలన్నీ తిప్పి చూసి, ‘నడుస్తున్న పనే కదా, సీజన్ అయ్యేదాకా చూద్దాం’ అన్నారు. ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా లేదు. ‘ఈ వయసులో ఈ తిప్పలెందుకు’ అని మా అత్తమ్మ అన్నది. ఆమె నా మీద ప్రేమతోనే అన్నది, కానీ ఆ మాట రాత్రుళ్లు గుచ్చుకునేది. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మా క్లాసులోని ఒక అక్క. ప్రతి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, ‘ఇవాళ ఏమైంది?’ అని అడిగేది. ఏమీ కాని రోజు కూడా అడిగేది. దూరవిద్యలో సహాయం అంటే కౌన్సిలర్లు, హెల్ప్‌లైన్లు అనుకుంటాం. నాకు మాత్రం ఆ ఫోనే.

అక్టోబరు 22, మంగళవారం. సరిగ్గా తొమ్మిది వారాలు. మిల్లుకు వానాకాలం వడ్లు దిగుతున్నాయి, తలెత్తే తీరిక లేదు. మధ్యాహ్నం అన్నం తింటూ అలవాటుగా సైటు తెరిచాను. 24. 22. కింద ‘పూర్తయింది’. అన్నం ముద్ద చేతిలోనే ఉంది. ముందు బాబాయికి ఫోన్ చేశాను. ‘ఆ లేఖ ప్రతి కూడా అడిగి తీసుకో’ అన్నారు. కమిటీ సిఫారసు ప్రతి అప్పటికే మెయిల్‌లో ఉంది. మేము అడిగిన రెండూ ఒప్పుకున్నారు. పోర్టల్లో ఫిర్యాదు మూసేముందు విద్యార్థి ఒప్పుకున్నాడో లేదో అడగాలని కూడా రాశారు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ నవంబరు రెండో వారంలో చేతికొచ్చింది. డిసెంబరు నుంచి కొత్త జీతం.

ఆ తర్వాత నా దగ్గరికి చాలామంది వచ్చారు, ఒక్కొక్కరిది ఒక్కో సమస్య. ఒకమ్మాయికి పరీక్ష మార్కుల మీదే అనుమానం. ఆమెకు సమాచార హక్కు చట్టం దారి చెప్పాం. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దిద్దిన జవాబు పత్రాన్ని రాసిన విద్యార్థి చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో తీర్పిచ్చింది. ఆమె తన పత్రం తెప్పించుకుంది. మార్కులు సరిగ్గానే ఉన్నాయి, ఒక ప్రశ్న ఆమే వదిలేసింది. అయినా చూసుకున్నాక ఆమె మనసు కుదుటపడింది, మళ్లీ రాసి పాసైంది. మా చెల్లెలి కొడుకు దూరవిద్యలో చేరతానంటే మాత్రం, ఫిర్యాదుల సంగతి తర్వాత, ముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ దూరవిద్య బ్యూరో గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైటులో చూడమన్నాను. గుర్తింపు లేని కోర్సులో చేరాక ఏ కమిటీ కూడా డిగ్రీ ఇప్పించలేదు.

ఇక ఆ ముగ్గురు. పదిహేడు మందిలో పద్నాలుగు మందికి మార్కులు ఎక్కాయి. మిగతా ముగ్గురు అసైన్‌మెంట్లు ఇచ్చామంటారు, రిజిస్టర్లో పేరుంది, మార్కులు లేవు. చీటీ లేదు, ఫొటో లేదు. కమిటీ వాళ్ల విషయంలో స్టడీ సెంటర్‌నే వెతకమంది. డిసెంబరులో ఒక ఆదివారం నేనూ, ఆ ముగ్గురూ, అటెండరూ కలిసి కాలేజీ వెనక గదిలో కట్టలు విప్పాం. గోనెసంచుల్లో, దారాలతో కట్టిన వందల అసైన్‌మెంట్లు. ఎవరెవరో రాత్రుళ్లు కూర్చుని రాసిన చేతిరాతలు. ఒక్కో పేరూ చదువుతూ పక్కన పెడుతుంటే సాయంత్రం నాలుగైంది. ఇద్దరివి దొరికాయి, ఆడిటింగ్ కట్టలో కాదు, ఇంగ్లీషు కట్టలో కలిసిపోయి. కోఆర్డినేటర్ సార్ అప్పటికప్పుడు దిద్దడానికి పంపించారు.

మూడో అబ్బాయివి దొరకలేదు. హార్వెస్టర్ నడుపుతాడు, కోతల సీజన్లో రాసి ఇచ్చానన్నాడు. నేను అతన్ని నమ్ముతాను. జనవరిలో మళ్లీ రెండూ రాసి తెచ్చాడు. అటెండరు అడగకముందే చీటీ మీద ముద్ర వేసి చేతిలో పెట్టాడు. అతను దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.